బేస్ గిటార్: కొత్తవాళ్ళ అపోహలు, అసలు సంగతులు

తిరుపతిలో బేస్ గిటార్ నేర్పుతుంటాను. కొత్తగా వచ్చేవాళ్ళ నోట తరచూ వినే మాటలివి.

అపోహ: నాలుగే తీగలు కదా, గిటార్ కన్నా తేలిక.

వాస్తవం: మామూలు గిటార్‌లోని నాలుగు లావు తీగల స్వరాలే ఇక్కడ ఒక స్థాయి కింద పలుకుతాయి. మోగించడం త్వరగానే వస్తుంది. ఆపడమే నెలల పని. సన్నతీగ మీటుతుంటే లావుతీగ దానంతటదే గుయ్యిమంటుంది. ఒంటరిగా వాయిస్తే చెవికి ఆనదు. డ్రమ్స్‌తో కలిసి ఆంప్ (శబ్దం పెంచే పెట్టె) పెంచారా, పాటంతా కలగాపులగం! అందుకే సన్నతీగలకు వెళ్ళినప్పుడు బొటనవేలు లావుతీగ మీద ఆనించాలి. మీటిన వేలు పక్క తీగ మీద వాలాలి. ఎడమచేతి వేలు తీగను వదలకుండా ఒత్తిడి మాత్రం సడలిస్తే శబ్దం అక్కడికక్కడే ఆగుతుంది.

మెట్రోనోమ్ (లయకు దెబ్బలు కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బల్లో పెట్టి ఒక్క స్వరమే వాయించండి. సగం దెబ్బ మోగాలి, సగం దెబ్బ నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ప్రతిసారీ ఒకే పొడవున ఉందా అని వినండి. పిల్లలకు ఇది విసుగే, అయినా నేను వదలను. ఇది కుదిరాకే వేగం మాట.

అపోహ: చెయ్యి నొప్పి పుడితేనే సాధన చేసినట్టు.

వాస్తవం: వేలికొనలు మండటం మామూలే, కొన్నాళ్ళకు గట్టిపడతాయి. మణికట్టు నొప్పి పుడితే మాత్రం వెంటనే ఆపేయండి. ఫ్రెట్ కమ్మీకి (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) ఆనుకుని వెనకే నొక్కితే సగం బలం చాలు. సాధారణ బేస్‌లో తీగ మోగే పొడవు 34 అంగుళాలు, అందుకే ఫ్రెట్ల మధ్య దూరం ఎక్కువ. మొదటి ఫ్రెట్ల దగ్గర నాలుగు వేళ్ళూ సాగదీయకుండా ఉంగరపువేలు, చిటికెనవేలు కలిపి నొక్కండి.

అపోహ: ఫోన్ స్పీకర్‌లో విని నేర్చుకోవచ్చు.

వాస్తవం: లావుతీగ పలికేది దాదాపు 41 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

అపోహ: మన సంగీతానికి ఇది అతకదు.

వాస్తవం: ఫ్రెట్లున్న ప్రెసిషన్ బేస్ అనే ఎలక్ట్రిక్ బేస్‌ను అమెరికా గిటార్ల తయారీదారు లియో ఫెండర్ 1951లో అమ్మకానికి తెచ్చాడు, తర్వాత మన సినిమా పాటల్లోకీ బేస్ వచ్చేసింది. చెన్నైలో కీత్ పీటర్స్ ఏ.ఆర్. రెహమాన్ పాటలకు వాయించారు. ఇక్కడి శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో మృదంగమో గాత్రమో నేర్చుకున్నవాళ్ళకు తాళం ముందే చేతిలో ఉంటుంది, అదే పెద్ద పెట్టుబడి. అన్నమయ్య కీర్తనకు వాయించేటప్పుడు స్వరానికో కార్డ్ (కలిపి మోగే స్వరాల గుంపు) మార్చకండి, రాగం చెదురుతుంది. షడ్జమం, పంచమం పట్టుకుని ఆదితాళం ఎనిమిది అక్షరాలూ నిలబెట్టండి. గమకాలు గాయకులకు వదిలేయండి.