నగిషీ పోయినా ఖర్చు తగ్గలేదు: విలాస గృహాల్లో మినిమలిజం నేపథ్యం

గోడకూ నేలకూ మధ్య స్కర్టింగ్ ఉండదు, తలుపుకు చట్రం కనిపించదు, వంటగదిలో పొయ్యి ఎక్కడుందో వెతుక్కోవాలి, విశాలమైన హాల్లో ఒక సోఫా, ఒక దీపం తప్ప మరేమీ ఉండదు. ప్రపంచంలో అత్యధిక ధర పలికే ఇళ్లలో చాలా వాటి తీరు ఇప్పుడు ఇదే. ఈ బోసి తీరునే మినిమలిజం అంటారు. కాలిఫోర్నియాలోని మాలిబు తీరంలో జపాన్ వాస్తుశిల్పి తడావో ఆండో రూపొందించిన కాంక్రీటు భవనం 2023లో సుమారు 20 కోట్ల డాలర్లకు అమ్ముడై అప్పటికి ఆ రాష్ట్రంలో రికార్డు సృష్టించింది. అలంకరణ తగ్గితే ఖర్చు కూడా తగ్గాలన్నది ఎవరికైనా తోచే లెక్క. ఆ లెక్క ఎలా తలకిందులైందో తెలియాలంటే, నగిషీ విలువ పడిపోయిన పంతొమ్మిదో శతాబ్దం నుంచి మొదలుపెట్టాలి.

అంతవరకు ఇంటి అలంకరణలో అధిక భాగం చేతిపనే. గోడ మీద ఎంత పనితనం కనిపిస్తే, అంతమంది పనివాళ్లను అన్ని రోజులు పోషించగల స్తోమత ఆ యజమానికి ఉన్నట్టు లెక్క. ఆవిరి యంత్రాలు, పోత ఇనుము, ముద్రించిన గోడకాగితాలు వచ్చాక అవే పూలూ లతలూ అచ్చుల్లోంచి వేల సంఖ్యలో వెలువడ్డాయి. 1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శనలో యంత్రాలపై తయారైన అలంకార వస్తువులు రాశులు పోసినట్టు కనిపించాయి. ఆ తర్వాతి దశాబ్దాల్లో యూరప్ మధ్యతరగతి ఇళ్లు కూడా వాటితో నిండిపోయాయి. అందరికీ అందిన అలంకరణ ఇక హోదాకు గుర్తుగా పనికిరాదు. మినిమలిజం పుట్టుకను కేవలం అభిరుచిలో వచ్చిన మార్పుగా వివరించేవాళ్లు ఈ ఆర్థిక మలుపును తరచుగా వదిలేస్తారు.

వియన్నా వాస్తుశిల్పి అడాల్ఫ్ లూస్ 1910 ప్రాంతంలో ‘అలంకరణ, నేరం’ పేరిట చేసిన ప్రసంగం ఈ మార్పుకు సిద్ధాంత రూపం ఇచ్చింది. నగిషీ మీద పెట్టే శ్రమ, డబ్బు, ముడిసరుకు అన్నీ వృథా అని ఆయన వాదించాడు. (ఇతర జాతుల సంస్కృతులను కింది మెట్టు మీద నిలబెట్టిన అందులోని భాగాలను ఈనాడు ఎవరూ సమర్థించలేరు.) అయితే ఆయన మాటల కంటే ఆయన కట్టడాలే ఎక్కువ చెబుతాయి. వియన్నాలోని మిఖాయెలర్ కూడలిలో ఆయన కట్టిన భవనం పై అంతస్తులు బోసిగా ఉన్నాయని నగరమంతా గగ్గోలు పెట్టింది. చివరికి రాజీగా కిటికీలకు పూలతొట్లు పెట్టాల్సి వచ్చింది. అదే భవనం కింది భాగానికి మాత్రం ఆకుపచ్చ చారల చిపొలీనో పాలరాయి తొడిగారు. 1930లో ప్రాగ్‌లో పూర్తయిన విల్లా ముల్లర్ బయటి గోడలు తెల్లగా, ఏ అలంకారమూ లేకుండా ఉంటే, లోపలి హాలుకు మళ్లీ అదే రాయి వాడాడు. ఆయన తీసేసింది ఉలిపనిని మాత్రమే. ఉలి చేయాల్సిన పనిని రాతిలోని సహజమైన చారలకు అప్పగించాడు. శిల్పి కూలి ఆదా అయిన చోట గని యజమానికీ, పలకలను కోసి చారలు కలిపే నిపుణుడికీ చెల్లింపు పెరిగింది.

ఈ చరిత్రలో రెండు దారులు స్పష్టంగా విడిపోయిన సంవత్సరం 1929. ఆ ఏడాది అక్టోబరులో ఆధునిక వాస్తుశిల్పుల అంతర్జాతీయ మహాసభ ఫ్రాంక్‌ఫర్ట్‌లో సమావేశమై, తక్కువ ఆదాయం ఉన్న కుటుంబానికి కనీసంగా ఎంత ఇల్లు కావాలన్న ప్రశ్నను చర్చించింది. అదే నగరంలో వాస్తుశిల్పి మార్గరెటె షుటె-లిహోట్‌స్కీ 1926లో రూపొందించిన చిన్న వంటగది అప్పటికే వేలాది ప్రభుత్వ గృహాల్లో అమరుతోంది. అక్కడ నిరాడంబరత అంటే అడుగులు, నిమిషాలు, మార్కులు (అప్పటి జర్మన్ నాణెం) ఆదా చేయడం. అదే ఏడాది బార్సిలోనా అంతర్జాతీయ ప్రదర్శనలో వాస్తుశిల్పి మీస్ వాన్ డెర్ రోహ్ జర్మనీ తరఫున ఒక మంటపం కట్టాడు. దానిలోనూ నగిషీ లేదు, కానీ గోడలు ఓనిక్స్, పాలరాయి, ట్రావెర్టైన్ వంటి ఖరీదైన రాతి పలకలు. స్తంభాలకు మెరుగుపెట్టిన క్రోమియం తొడుగులు. చూపుకు రెండూ ఒకే బడికి చెందినవే, ఖర్చులో మాత్రం వాటికి పోలికే లేదు. సంపన్నుల ఇళ్లు తర్వాత పట్టుకున్నది ఈ రెండో దారినే.

మరుసటి ఏడాది చెకోస్లొవాకియాలోని బ్రనోలో మీస్ పూర్తిచేసిన విల్లా తుగెన్‌ధాట్ ఆ దారికి నమూనాగా నిలిచింది. మొరాకో నుంచి తెప్పించిన ఓనిక్స్ గోడ, మకస్సార్ ఎబొనీ చెక్కతో అర్ధవృత్తాకారంగా మలిచిన భోజనశాల తెర, మీట నొక్కితే విద్యుత్ మోటార్లతో నేలలోకి దిగిపోయే నిలువెత్తు అద్దాలు, నేలమాళిగలో గాలిని వేడిచేసి తేమ కలిపి పైకి పంపే యంత్రాంగం ఆ ఇంటి ప్రత్యేకతలు. ఇంత సరంజామా కింద ఉంటేనే పైన గది అంత ఖాళీగా కనిపిస్తుంది. అలాంటి ఇంట్లో మనుషులు నిజంగా కాపురం చేయగలరా అని 1931లోనే ఒక జర్మన్ పత్రికలో చర్చ నడిచింది. గోడకు బొమ్మ తగిలించే వీలు లేకపోయినా తమకు ఆ ఇల్లు ఇష్టమేనని యజమాని దంపతులు స్వయంగా జవాబిచ్చారు. యూదులైన ఆ కుటుంబం నాజీల ముప్పు వల్ల 1938లో దేశం విడిచి వెళ్లిపోయింది.

పనితనానికి అయ్యే ఖర్చు సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అసలు కీలకం అక్కడే ఉంది. ప్లాస్టరింగ్ ఎంత జాగ్రత్తగా చేసినా గోడ అడుగు అంచు అచ్చం గీత గీసినట్టు రాదు; నేల రాళ్లూ గోడకు సరిగ్గా ఆనవు. ఆ కొద్ది మిల్లీమీటర్ల తేడాను స్కర్టింగ్ కప్పేస్తుంది, తలుపు చుట్టూ ఉన్న వంకరను చట్రం మీది పట్టీ దాస్తుంది, పైకప్పూ గోడా కలిసే మూలను కార్నిస్ అనే అంచు పట్టీ కాపాడుతుంది. పాతకాలపు అలంకరణలో సగభాగం నిజానికి లోపాలను దాచే ఏర్పాటు. దాన్ని తీసేసి, గోడ అడుగున సన్నని నీడ గీత మాత్రమే వదలాలంటే ప్లాస్టరింగ్‌కు ముందే లోహపు అంచు బిగించాలి, నేల మట్టం ముందే ఖరారు కావాలి, ఎలక్ట్రీషియన్, వడ్రంగి, మేస్త్రీ వరుస తప్పకుండా పనిచేయాలి. ఎక్కడ తేడా వచ్చినా గోడ పగలగొట్టడం తప్ప మార్గం లేదు. తత్వవేత్త లుడ్విగ్ విట్‌గెన్‌స్టైన్ తన సోదరి కోసం పాల్ ఎంగెల్మన్‌తో కలిసి వియన్నాలో 1926, 1928 మధ్య కట్టిన ఇంట్లో, పని పూర్తికావస్తున్న దశలో ఒక గది పైకప్పును 3 సెంటీమీటర్లు పైకి ఎత్తించాడు. నగిషీ ఏమాత్రం లేని ఆ గదిలో కొలత తప్ప చూడటానికి మరేమీ లేదు కాబట్టి, ఆయన పట్టుదలను చాదస్తంగా కొట్టిపారేయలేం.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ ధోరణి అమెరికాకు చేరింది. ఇల్లినాయ్ రాష్ట్రంలోని ప్లానోలో, ఫాక్స్ నది ఒడ్డున, డాక్టర్ ఎడిత్ ఫార్న్స్‌వర్త్ కోసం మీస్ కట్టిన గాజు ఇల్లు 1951లో పూర్తయింది. ఖర్చు అంచనాలను దాటి 70 వేల డాలర్లు మించడంతో వ్యవహారం కోర్టుకెక్కింది. సింకు కింద చెత్తబుట్ట పెట్టుకున్నా రోడ్డు మీదికి కనిపిస్తుందని 1953లో ఆమె ఒక పత్రికకు చెప్పుకుంది. 1954లో నది పొంగి, నేల నుంచి మీటరున్నర పైగా ఎత్తులో ఉన్న ఆ ఇంట్లోకి నీళ్లు వచ్చాయి. అయినా ఆమె దాదాపు ఇరవై ఏళ్లు ఆ ఇంటిని వాడుకుంది. 1959లో పిల్కింగ్టన్ సంస్థ కరిగిన తగరం మీద గాజును తేల్చి పలకలు చేసే ఫ్లోట్ పద్ధతిని ప్రకటించిన తర్వాత పెద్ద, లోపం లేని అద్దపు పలకలు చవకబడటంతో, ఫార్న్స్‌వర్త్‌కు భారమైన గాజు గోడ తర్వాతి తరం ధనవంతులకు మామూలు విషయమైంది.

జపాన్ ప్రభావం గురించి చాలామంది చెబుతారు గాని, అక్కడి నిరాడంబరతను పేదరికంతో ముడిపెట్టడం సరికాదు. రెండు తతామి చాపలు పట్టేంత తేనీటి గదికి పేరుపడ్డ పదహారో శతాబ్దపు తేనీటి గురువు సెన్ నో రికియూ, బంగారు రేకు తొడిగిన తేనీటి గది చేయించుకున్న పాలకుడు హిదెయోషి ఆస్థానంలోనే ఉండేవాడు. క్యోటోలోని కత్సురా విల్లా రాజకుటుంబీకుల విడిది. 1933లో జర్మన్ వాస్తుశిల్పి బ్రూనో టౌట్ దాన్ని చూసి పొగిడాక, పాశ్చాత్య ఆధునికులు తమ అభిరుచికి తూర్పు నుంచి సాక్ష్యం దొరికినట్టు భావించారు.

మినిమలిజం అన్న పేరు ఇళ్లకు కళాప్రపంచం నుంచి వచ్చింది. 1965లో బ్రిటిష్ తత్వవేత్త రిచర్డ్ వోల్‌హైమ్ రాసిన వ్యాసంతో ‘మినిమల్ ఆర్ట్’ అన్న మాట వ్యాప్తిలోకి రాగా, శిల్పి డోనల్డ్ జడ్ 1968లో న్యూయార్క్‌లో కొన్న పాత కర్మాగార భవనం ఖాళీ అంతస్తుల్లో కాపురం ఎలా ఉంటుందో చూపించింది. దీన్ని మార్కెట్‌కు చేర్చినవాళ్లలో బ్రిటిష్ రూపకర్త జాన్ పాసన్ ముఖ్యుడు. 1995లో ఆయన న్యూయార్క్‌లో కాల్విన్ క్లైన్ దుస్తుల దుకాణం రూపొందించాడు. దాని ఫొటోలు చూసిన సిస్టర్షియన్ శాఖకు చెందిన క్రైస్తవ సన్యాసులు చెక్ దేశంలోని బొహీమియాలో తమ మఠం కట్టే పనిని ఆయనకే అప్పగించగా, అది 2004లో సిద్ధమైంది. తర్వాత బెల్జియం రూపకర్త అక్సెల్ వెర్‌ఫోర్ట్ తీర్చిదిద్దిన తన కాలిఫోర్నియా ఇంటిని టీవీ తార కిమ్ కార్దాషియన్ ‘మినిమల్ మఠం’ అని పిలిచింది. సన్యాసులు దుకాణాన్ని చూసి మఠం కట్టుకుంటే, తార మఠం పేరుతో ఇల్లు అలంకరించుకుంది.

ఇప్పుడు తెల్ల రంగు, పిడులు లేని అల్మరాలు, బూడిదరంగు నేల సామాన్య ఫ్లాట్లకూ చేరాయి. ఒకప్పుడు నగిషీకి పట్టిన గతే ఇప్పుడు బోసిదనానికీ పడుతోంది కాబట్టి, ఖరీదైన ఇళ్లు చేత్తో రుద్దిన సున్నపు పూత, పాత ఓక్ చెక్క, ఒకే రాతి దిమ్మె నుంచి కోసి చారలు కలిపిన పలకల వైపు జరుగుతున్నాయి. విమర్శకులు లేవనెత్తుతున్న ప్రశ్న మాత్రం వేరు. ఈ ఇళ్లలో సామాను తగ్గలేదు. కనిపించే వంటగది వెనుక అసలు వంట జరిగే మరో వంటగది, గోడల లోపల నిలువెత్తు అల్మరాలు, నేలమాళిగలో యంత్రాల గది, పనివాళ్లకు వేరే నడవా వచ్చి చేరాయి. చదరపు మీటర్లలో కొలిస్తే, ఒక గదిని ఖాళీగా ఉంచడానికి మరో గది కట్టాల్సి వస్తోంది, ఆ రెండో గది ఫొటోల్లోకి రాదు.