పిల్లల్ని ఒంటరిగా పంపే ధైర్యం హైదరాబాద్‌లో ఎలా తగ్గింది?

జూన్‌లో బడులు తెరిచే ముందు హైదరాబాద్ ఇళ్లలో ఏటా అవే ప్రశ్నలు వస్తాయి. ఎనిమిదో తరగతి అమ్మాయిని మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రోలో ఒక్కదాన్నే పంపవచ్చా? పదేళ్ల బాబు గేటు దాటి వెళ్లి పాల ప్యాకెట్ తెస్తానంటే సరేననాలా? ఫోన్ కొనిస్తే అందులో లొకేషన్ యాప్ పెట్టాలా, పెడితే ఆ సంగతి వాడికి చెప్పాలా? పక్కనే అమ్మమ్మ ఉంటే, "మీ అమ్మ ఏడేళ్లకే తమ్ముళ్లిద్దర్నీ వెంటేసుకుని బడికి పోయేది" అంటుంది. నిజమే. అయితే ఆమె పోయిన దారి ఇప్పుడు లేదు. ఆ దారికి, ఆ ధైర్యానికి ఏమైందో చూడకుండా ఇప్పటి తల్లిదండ్రుల్ని పిరికివాళ్లనడం గానీ, వెనకటివాళ్లు పట్టించుకోకుండా పెంచారనడం గానీ న్యాయం కాదు.

పిల్లల్ని గడప దాటించడానికి జంకడం ఈ ఊరికి కొత్త కాదు. ఆడపిల్లల విషయంలో అది మొదటినుంచీ ఉంది. 1907లో మహబూబియా బాలికల పాఠశాల మొదలైనప్పుడు, పరదా పాటించే కుటుంబాలు ఆడపిల్లను బడికి పంపడమే పెద్ద సాహసం. అంతకు పన్నెండేళ్ల ముందే, 1895లో, ఇక్కడి విద్యావేత్త అఘోరనాథ్ చటోపాధ్యాయ పదహారేళ్ల కూతురు సరోజినిని (తర్వాతి సరోజినీ నాయుడు) నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండుకు పంపారు. పన్నెండేళ్లకే మద్రాసు మెట్రిక్యులేషన్ పాసైన పిల్ల మీద ఆ తండ్రికి నమ్మకం ఉంది. ఆమె గోవిందరాజులు నాయుడిని ఇష్టపడుతోందన్న దిగులూ ఉంది. దూరం పంపితే ఆ మాట మరుగున పడుతుందని ఇంట్లో అనుకున్నారు. పడలేదు. 1898లో తిరిగొచ్చాక వాళ్లిద్దరికీ కులాంతర వివాహం జరిగింది, ఆ తండ్రే ఒప్పుకున్నాడు. కూతుర్ని గణితంలోనో సైన్సులోనో గొప్పదాన్ని చేయాలని ఆయన కల. ఆమె కవయిత్రి అయింది. నమ్మకం, భయం కలిసి ఒకే నిర్ణయంలో ఉండటం మన తరంతో మొదలైంది కాదని చెప్పడానికే ఇదంతా.

మామూలు ఇళ్ల సంగతి వేరు. 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో రవాణా సర్వీసు మొదలుపెట్టింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో స్టూడెంట్ పాస్ జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగిన పిల్లల తరాలు ఇక్కడ పెరిగాయి. వాళ్లను కనిపెట్టి చూసింది అమ్మానాన్నలు మాత్రమే కాదు. గల్లీ మొదట్లో కిరాణా సేటు ఉండేవాడు, ఇస్త్రీ బండాయన ఉండేవాడు, అరుగు మీద కూర్చున్న పెద్దమ్మ "ఏడికి పోతున్నవ్ బిడ్డా?" అని అడిగి గానీ వదిలేది కాదు. ఇంట్లో ఫోన్ లేకపోతే పక్కింటివాళ్ల నంబరు 'పీపీ' అని రాసి ఇచ్చేవాళ్లు. బడి నుంచి కబురొస్తే అది ముందు పక్కింటికే చేరేది. అలా వంతులేసుకోకుండానే నలుగురూ పంచుకున్న కాపలా అది.

ఆ కాపలాను తలచుకుని మురిసిపోవడానికి నాకు మాత్రం మనసొప్పదు. అది అందరినీ ఒకేలా కాయలేదు. అబ్బాయి సినిమాకు పోతే నవ్వి ఊరుకున్న గల్లీయే, అమ్మాయి ఎవరితోనో రెండు నిమిషాలు మాట్లాడితే సాయంత్రానికల్లా ఇంట్లో చెప్పేది, ఆమె చదువు అక్కడితో ఆగిపోయిన ఇళ్లున్నాయి. బాగా తెలిసిన మనిషే పిల్లతో తప్పుగా ప్రవర్తిస్తే ఆ మాట పైకి రానిచ్చేవాళ్లు కాదు, పరువు అడ్డొచ్చేది. పాతబస్తీలో కర్ఫ్యూలు చూసినవాళ్లకు, ముఖ్యంగా 1990 డిసెంబరు అల్లర్లప్పుడు పిల్లల్ని తలుపు దాటనివ్వని ఇళ్లకు, ఆ రోజులు అంత నిశ్చింతవేమీ కావు.

1998లో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ మొదలైంది. ఆ తర్వాత పదిహేనేళ్లలో నగరం పడమటికి జరిగింది. జిల్లాల నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన జంటలు కొండాపూర్, మియాపూర్, నల్లగండ్ల వైపు అపార్ట్‌మెంట్లలో దిగారు. ఇద్దరికీ ఉద్యోగాలు, అమ్మమ్మా తాతయ్యలు ఊళ్లో, ఎదురు ఫ్లాట్‌లో ఎవరుంటారో తెలియదు. 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటున 2.6 మంది పిల్లలుండేవారు. 2005-06 నాటికి అది 1.8కి దిగింది. ముగ్గురు నలుగురి మీద పంచుకున్న దిగులు ఒక్కరి మీదో ఇద్దరి మీదో పడింది. తోడుగా నడిచే అక్కాతమ్ముళ్లూ తగ్గారు. ఈలోగా రోడ్లు వెడల్పయ్యాయి, ఫుట్‌పాత్‌లు బళ్ల పార్కింగ్‌కు పోయాయి. పదేళ్ల పిల్లాడు రోడ్డు దాటాలంటే పెద్దవాళ్లమైన మనకే గుండె గుబేలుమంటుంది.

2007 ఆగస్టు 25 సాయంత్రం లుంబినీ పార్కులో, కోఠి గోకుల్ చాట్‌లో బాంబులు పేలి 42 మంది చనిపోయారు. ఒకటి పిల్లల్ని తీసుకెళ్లే పార్కు, ఇంకొకటి కాలేజీ పిల్లలు సాయంత్రాలు గుమిగూడే చాట్ బండార్. లుంబినీలో పోయినవాళ్లలో మహారాష్ట్ర నుంచి విహారయాత్రకు వచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థులున్నారు. 2003లో ఇన్‌కమింగ్ కాల్స్ ఉచితమయ్యాక సెల్‌ఫోన్ మధ్యతరగతి ఇళ్లలోకి అప్పటికే వచ్చేసింది. "చేరగానే ఫోన్ చెయ్యి" అన్న మాట ఈ ఊళ్లో మామూలయింది అప్పుడే. 2013 ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు జరిగాయి. అదే ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ప్రజా భద్రత చట్టం, జనం ఎక్కువగా చేరే చోట్ల సీసీ కెమెరాలను తప్పనిసరి చేసింది. షాపులో, స్కూల్లో, కాలనీ గేటు దగ్గర కెమెరా కనబడటం అలవాటయింది.

ఈ కథలో అన్నిటికంటే బరువైన ఏడాది నా దృష్టిలో 2014. జూన్ 8న హైదరాబాద్‌లోని ఒక ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు హిమాచల్ ప్రదేశ్‌లోని మండీ జిల్లాలో బియాస్ నది ఒడ్డున ఫొటోలు దిగుతున్నారు. ఎగువన లార్జీ డ్యామ్ నుంచి ఒక్కసారిగా నీళ్లు వదిలారు. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. మృతదేహాల కోసం వారాల తరబడి వెతికారు. కన్నవాళ్లు అక్కడి ఒడ్డున ఎదురుచూసిన దృశ్యాలను ఊరంతా టీవీల్లో చూసింది. నెలన్నరకే, జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర, కాపలా లేని రైల్వే క్రాసింగ్‌లో స్కూల్ బస్సును రైలు ఢీకొట్టింది. పది మందికి పైగా పసిపిల్లలు పోయారు. గాయపడినవాళ్లను సికింద్రాబాద్ ఆసుపత్రికి తెచ్చారు. అప్పుడు ఇక్కడ బడి ఈడు పిల్లలున్న తల్లి ఎవరినైనా అడగండి, ఆ వారం పిల్లను బస్సెక్కిస్తుంటే చేతులెలా వణికాయో చెబుతుంది.

తప్పు ఎక్కడ జరిగిందో చూడండి. బియాస్ కేసులో హిమాచల్ హైకోర్టు 2016లో ఒక్కో కుటుంబానికి 20 లక్షల పరిహారం ఇవ్వమంది, అందులో పెద్ద వాటా అక్కడి విద్యుత్ బోర్డు మీద పడింది. సరైన హెచ్చరిక లేకుండా నీళ్లు వదలడమే ఆ ఘోరానికి మూలం. మాసాయిపేటలో గేటు లేదు, గేట్‌మ్యాన్ లేడు. ఈ రెండు చోట్లా పిల్లల్ని నమ్మి పంపిన కన్నవాళ్ల తప్పు ఏమీ లేదు. అయినా ఇళ్లలో జరిగిందేమిటి? "టూర్లు వద్దు" అన్నారు. కాలేజీ నుంచి మనాలి యాత్ర అంటే సంతకం పెట్టనివాళ్లు ఎంతోమంది. డ్యామ్‌కు సైరన్ పెట్టించడం తల్లి చేతిలో లేదు, కొడుకును ఆపడం ఉంది. అందుకే భయం ఎప్పుడూ తేలికగా అందే పిల్ల మీదే పని చేస్తుంది. దేశంలో బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని క్రాసింగులు 2019 జనవరికల్లా లేకుండా పోయాయి. అసలు మరమ్మతు అది. దాని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు, పిల్లలకు పెట్టిన ఆంక్షలు మాత్రం ఉండిపోయాయి.

లైంగిక దాడుల విషయంలోనూ ఇదే జరిగింది. 2012 నవంబరు 14న, పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం అమల్లోకి వచ్చింది, నెల దాటగానే ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన దేశాన్ని కుదిపేసింది. 2014 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు, ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకునే షీ టీమ్స్ మొదలుపెట్టారు. 2016లో బాధితుల కోసం భరోసా కేంద్రం వచ్చింది. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలిపై జరిగిన దారుణం తర్వాత, కూతురు ఎక్కడున్నా లొకేషన్ పంపమనడం ఇళ్లలో నియమమైపోయింది. ఆ రాత్రి ఆమె కుటుంబం ఫిర్యాదు తీసుకునే విషయంలో పోలీసులు ఇది మా పరిధి కాదంటూ జాప్యం చేశారు. ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు కూడా. ఇంటి చర్చల్లో ఆ జాప్యం కంటే ఆడపిల్ల బయట ఉన్న సమయమే ఎక్కువ నలిగింది. ఇక పోక్సో కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు పిల్లలకు తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. బంధువు, ఇరుగుపొరుగు, ట్యూషన్ మాస్టారు. లొకేషన్ యాప్‌లో అప్పుడు కనబడేది "ఇంట్లోనే ఉంది" అనే.

యాప్‌ల కాలం ఎంత వేగంగా వచ్చిందో మనందరికీ గుర్తే. 2016లో జియోతో డేటా చవకైంది, 2017లో వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ వచ్చింది, అదే ఏడాది నవంబరులో మెట్రో పరుగు మొదలైంది. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో డిజిటల్ పాఠాలు మొదలయ్యాక, పదో తరగతి దాకా ఇవ్వకూడదనుకున్న ఫోన్ మూడో తరగతిలోనే చేతికొచ్చింది. దాంతో దిగులు రెండింతలైంది. పిల్ల ఎక్కడుందన్నది ఒకటి, ఫోన్‌లో ఎవరితో మాట్లాడుతోందన్నది ఇంకొకటి.

ఇది హైదరాబాద్‌కే పరిమితమైన మార్పు కాదు. ఇంగ్లండులో 1971లో ఏడెనిమిదేళ్ల పిల్లల్లో 80 శాతం మంది ఒంటరిగా బడికి వెళ్లేవారు, 1990 నాటికి అది 9 శాతానికి పడిపోయిందని పరిశోధకుడు మేయర్ హిల్మన్ బృందం తేల్చింది. రోడ్డు ప్రమాదాల్లో పిల్లల మరణాలు తగ్గాయంటే రోడ్లు బాగుపడినందుకు కాదని, పిల్లల్నే రోడ్ల మీద లేకుండా చేసినందుకని వాళ్ల వాదన. ఫుట్‌పాత్ లేని మన రోడ్ల దగ్గర నిలబడి చదివితే ఆ మాట ఇంకా గట్టిగా తగులుతుంది.

రెండో పరిశోధన స్వీడన్‌ది. హాకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ 2000లో ప్రచురించారు. పిల్లల గురించి బాగా తెలిసిన తల్లిదండ్రుల పిల్లలు ఎక్కువగా దారి తప్పరని అప్పటికే అందరూ నమ్మేవారు. అందుకే గట్టిగా కనిపెట్టుకుని ఉండమనేవారు. వీళ్లు 14 ఏళ్ల పిల్లల్ని, వాళ్ల తల్లిదండ్రుల్ని అడిగి, ఆ 'తెలియడం' ఎక్కడి నుంచి వస్తోందో చూశారు. చాలా మటుకు అది పిల్లలు తమంతట తాము చెప్పిన మాటల్లోంచే వస్తోంది. ఆరాలు, ఆంక్షలు దానికి పెద్దగా కలపలేదు. తమను మరీ అదుపులో పెడుతున్నారని అనుకున్న పిల్లల్లోనే ఇబ్బందులు ఎక్కువ కనబడ్డాయి. స్వీడన్ వేరు, మన ఊరు వేరు, ఒప్పుకుంటాను. కానీ తెలిసినవాళ్ల వల్లే ప్రమాదం ఎక్కువని మన లెక్కలే చెబుతున్నప్పుడు, పిల్ల ఇంటికొచ్చి "ఆ అంకుల్ అలా చేశాడమ్మా" అని చెప్పగలగడం కంటే పెద్ద రక్షణ ఏముంది? చెప్పిన మరుక్షణం "నువ్వెందుకు వెళ్లావు?" అనే ఇంట్లో ఆ మాట రెండోసారి రాదు.

చట్టం ఇప్పుడిప్పుడే ఈ విషయంలోకి వస్తోంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కేసి, వాళ్ల కదలికల్ని, అలవాట్లను కంపెనీలు వెంటాడకూడదంది. 2025 నవంబరులో వచ్చిన నియమాలు, బడికి వెళ్లి వచ్చే ప్రయాణంలో భద్రత కోసం లొకేషన్ చూడటానికి మినహాయింపు ఇచ్చాయి. ఇవన్నీ దశలవారీగా అమల్లోకి రావాలి. తల్లి తన ఫోన్‌లో కొడుకు ఎక్కడున్నాడో చూసుకోవడం ఇంటి వ్యవహారం, దానికి ఈ చట్టం అడ్డు రాదు. యాప్ ఉందన్న సంగతి వాడికి చెప్పి పెట్టాలని, ఏ వయసుకు తీసేస్తారో కూడా ముందే మాట్లాడుకోవాలని నా గట్టి అభిప్రాయం. దొంగచాటుగా పెట్టినది బయటపడిన రోజు, ఆ పిల్లాడు తనంతట తాను చెప్పడం ఆగిపోతుంది.

2023 డిసెంబరు నుంచి రాష్ట్రంలో అమ్మాయిలకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. డబ్బు అడ్డు అక్కడ తొలగింది. ఇక మిగిలినవి స్టాప్ దాకా నడిచే దారి, అక్కడి వీధి దీపం, స్కూల్ బస్సులో ఆయా. జూన్ మీటింగుకు వెళ్లినప్పుడు ఫీజుల మాటతో పాటు ఇవీ అడగవచ్చు: బస్సు లొకేషన్ ఎవరెవరికి కనబడుతుంది, ఆ వివరాలు ఎన్నాళ్లు దాస్తారు, డ్రైవర్ మీద పిల్ల ఫిర్యాదు చేస్తే ముందుగా ఎవరు కూర్చుని వింటారు.