సున్నపురాయి తీర్చిన బాకీ

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. పండక్కి వచ్చినప్పుడు బుజ్జి అడిగిన ప్రశ్నకు ఆ హడావిడిలో జవాబు చెప్పలేకపోయాను. ప్రహరీగోడకి వెల్ల వేయాలని పెరట్లో పాత డ్రమ్ములో సున్నం తడిపాం కదా. కాల్చిన సున్నపురాళ్లు చల్లగానే ఉన్నాయి, బోరు నీళ్లూ చల్లగానే ఉన్నాయి. రెండూ కలిసిన కాసేపటికి రాళ్లు చిటపటమంటూ పగిలి, డ్రమ్మంతా కుతకుతా ఉడికింది. "పొయ్యి లేదు, గ్యాసు లేదు, మంటెక్కడుంది తాతయ్యా?" అంటూ బుజ్జి డ్రమ్ము కిందికి వంగి చూసింది.

మంట ఉందమ్మా. అయితే మన పెరట్లో కాదు, ఎప్పుడో సున్నపు బట్టీలో.

పచ్చి సున్నపురాయిలో బొగ్గుపులుసు వాయువు, అంటే మీ పుస్తకంలోని కార్బన్ డయాక్సైడ్, ఇమిడి ఉంటుంది. దాన్ని వెళ్లగొట్టాలంటే సుమారు 900 డిగ్రీల సెగ కావాలి. 100 గ్రాముల రాయిని కాలిస్తే మిగిలేది 56 గ్రాములే. అందుకే కాల్చిన రాయి చేతిలోకి తీసుకుంటే అంత తేలిగ్గా ఉంటుంది. ఆ పనికి రాయి బట్టీ దగ్గర వేడిని చేబదులు పుచ్చుకుందనుకోండి. 100 గ్రాములకు 178 కిలోజౌళ్ల బాకీ (కిలోజౌల్ అంటే వేడిని లెక్కగట్టే కొలత). ఇలా వేడిని పుచ్చుకునే మార్పును మీ పుస్తకంలో ఉష్ణగ్రాహక చర్య అంటారు. బాకీని లోపల దాచుకుని రాయి చల్లారిపోతుంది. పైకి ఏమీ తెలియదు.

నీళ్లు తగలగానే ఆ 56 గ్రాముల రాయీ 65 కిలోజౌళ్లు ఒక్కసారిగా కక్కేస్తుంది. ఇది ఉష్ణమోచక చర్య. మోచనం అంటే విడిచిపెట్టడం. ఋణవిమోచనం అంటాం చూడండి, అందులో ఉన్నది ఈ మాటే. కిలో రాయి విడిచే వేడికి మూడు లీటర్ల చన్నీళ్లు మరుగుతాయి.

మా చిన్నప్పుడు సంక్రాంతికి ముందు ఊరంతా ఇదే పని. మా పెదనాన్న గుంట తవ్వి రాళ్లు పోసి, దూరంగా నిలబడి నీళ్లు వదిలేవాడు. తడిసిన సున్నంలో నీలిమందు కలిపే పని మా పిల్లలది. ఒకసారి నేను ఆగలేక చెంబుతో దగ్గరగా పోశాను. ఎగిరిన తుంపర ఎడమ ముంజేతి మీద పడింది. మా అమ్మ తొట్టి దగ్గరికి లాక్కెళ్లి ఎంతసేపు నీళ్లు పోసిందో! ఆ మచ్చ మీరు చూశారు కదా. అదే కంట్లో పడి ఉంటే చూపే పోయేది. అందుకే సున్నం తడిపేటప్పుడు మిమ్మల్ని అరుగు మీదే ఉండమన్నాను. పెద్దవాళ్లు వద్దన్నప్పుడు ఎందుకని అడగండి, కానీ దూరంగా ఉండే అడగండి.

178లో 65 పోగా ఇంకా 113 బాకీ ఉంది. అది గోడ తీరుస్తుంది. వేసిన వెల్ల గాలిలోంచి ఆ బొగ్గుపులుసు వాయువునే మళ్లీ కొంచెం కొంచెంగా తీసుకుంటుంది. మనం పోసిన నీళ్లను వదిలేసి తిరిగి రాయి అవుతుంది. అలా అవుతూ ఆ 113నూ గాలికి ఇచ్చేస్తుంది. అయితే ఎంత నెమ్మదిగా అంటే, గోడ మీద చెయ్యి పెట్టినా వెచ్చదనం తెలియదు. 65, 113 కూడి చూడండి. సరిగ్గా 178. వడ్డీ లేదు, ఎగవేత లేదు. ఏ దారిన వెళ్లినా, ఎన్ని మెట్లు ఎక్కి దిగినా వేడి లెక్క మొత్తం మారదని 1840లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో హెస్ అనే శాస్త్రవేత్త చెప్పాడు. ఆ సంగతి చదివిన రోజు నాకు మా పెదనాన్న గుంట గుర్తొచ్చి రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

వేడిని పుచ్చుకునేది కూడా ఇంటి దగ్గరే చూడొచ్చు. మీ నాన్న బకెట్ నీళ్లలో యూరియా కలిపినప్పుడు బకెట్‌ని బయటినుంచి తాకండి. చల్లబడి ఉంటుంది.

ఇంకో పని చేయండి. అమ్మనడిగి గ్లాసు నీళ్లలో కాస్త తమలపాకు సున్నం కలిపించండి. అడుగున తేరుకున్నాక పైతేటను వేరే గ్లాసులోకి వంపించి, మూత పెట్టకుండా గట్టు మీద ఉంచండి. ఎవరూ తాగకుండా చూసుకోండి. మర్నాడు పొద్దున్నే గ్లాసును కదపకుండా పక్కనుంచి చూస్తే నీళ్ల మీద పల్చటి తెల్లని పొర కనిపిస్తుంది. వేలితో తాకితే విరుగుతుంది. అది రాయి. రాత్రి మీరు నిద్రపోతుండగా తయారైంది.

మీ తాతయ్య