బలం మాత్రల గురించి తాతయ్య ఉత్తరం

చిన్నోడికీ, బుజ్జికీ, వాళ్ళ ఫ్రెండ్స్ అందరికీ,

మొన్న ఫోన్లో ఇద్దరూ ఒకేసారి అడిగారు కదా, ఒకడేమో జిమ్‌లో ట్రైనర్ వే ప్రోటీన్ డబ్బా కొనమంటున్నాడు కొననా అని, ఇంకొకతేమో జుట్టు రాలుతోందని బయోటిన్ అనే బి విటమిన్ గమ్మీస్ తింటున్నా పర్లేదా అని. ఫోన్లో చెప్తే తెగే విషయం కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నా. సర్వీసంతా గవర్నమెంటు ఆస్పత్రి మందుల కౌంటర్లోనే గడిపినోణ్ణి, ఈ బలం మాత్రలు ఇచ్చీ ఇచ్చీ నాకు గట్టిగా అర్థమైంది ఒకటే, ఇవన్నీ పుట్టింది ఏదో ఒక కొరత తీర్చడానికి, ఆ కొరతేంటో తెలుసుకోకుండా వేసుకుంటే డబ్బులైనా పోతాయి, ఒళ్ళైనా పాడవుతుంది.

ముందు బెరిబెరి సంగతి చెప్తా, నరాలు దెబ్బతిని కాళ్ళలో సత్తువ పోయే జబ్బు అది. 1890ల్లో జావాలో ఐక్‌మన్ అని ఒక డచ్చి డాక్టరు ఉండేవాడు, ఆయన ల్యాబ్‌లో కోళ్ళకి కాళ్ళు పడిపోయేవి, ఎందుకో అర్థం కాదు, తీరా చూస్తే వాటికి మిలటరీ ఆస్పత్రిలో మిగిలిన తెల్లన్నం పెడుతున్నారు. కొత్తగా వచ్చిన వంటాయన కోళ్ళకి మిలటరీ బియ్యం ఏంటని ఆపేసి, తవుడు తీయని ముతక బియ్యం వేయడం మొదలయ్యేసరికి కోళ్ళు లేచి తిరిగాయి. తవుడుతో పాటు పోతున్నదేదో ఉంది, అదే తర్వాత బి1 విటమిన్ అని తేలింది. ఎక్కడో జావా గొడవ అనుకోకండి, మన ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే కోస్తా ఆంధ్ర వైపు, పచ్చి బియ్యం మిల్లులో పాలిష్ పట్టించి తిన్నవాళ్ళకి బెరిబెరి బాగా వచ్చేది, ఉప్పుడు బియ్యం తినేవాళ్ళకి అంతగా రాదు, ఎందుకంటే వడ్లు ఉడికించినప్పుడు తవుడులో ఉన్న విటమిన్ కొంత గింజలోకి దిగుతుంది. ఈ రోగం సంగతి తేల్చడానికే మెక్‌కారిసన్ అనే డాక్టరు 1918లో కూనూరులో ఒక్క గదిలో ల్యాబ్ పెట్టాడు, అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదొచ్చింది, తార్నాకలో మీరు రోజూ దాటిపోయే జాతీయ పోషకాహార సంస్థ అదే.

ఇప్పుడు మన యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి, ఈయన్ని మీరు తెలుసుకోకపోతే నాకు బాధగా ఉంటుంది. 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అని ఒక జబ్బు ఉండేది, తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు, రక్తం తగ్గిపోయి మనిషి చిక్కి శల్యమైపోతాడు. అన్నదమ్ములిద్దరు దాంతోనే పోయారు, ఈయనకీ వస్తే ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు. తర్వాత అమెరికా వెళ్ళి హార్వర్డ్‌లో చేసి, అక్కణ్ణుంచి లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరి, అక్కడ రీసెర్చి విభాగానికి పెద్ద అయ్యారు. అటు బొంబాయిలో 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ, మిల్లుల్లో పనిచేసే గర్భిణులకి వచ్చే రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతోందని కనిపెట్టింది, కానీ అందులో పని చేస్తున్నది ఏంటో అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ పదార్థమే ఫోలిక్ యాసిడ్ అనే బి విటమిన్, దాన్ని 1945లో ల్యాబ్‌లో తయారు చేసింది సుబ్బారావు గారి టీమ్. అన్నదమ్ముల్ని తీసుకెళ్ళిన స్ప్రూకి కూడా అది మందైంది. నాకైతే ఈ మాట రాస్తుంటేనే గొంతు పట్టేస్తోంది.

అక్కడితో ఆగలేదు చూడండి. బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లలకి ఫోలిక్ యాసిడ్ జాతి పదార్థాలు ఇచ్చి చూస్తే జబ్బు ఇంకా ముదురుతున్నట్టు బోస్టన్‌లో ఫార్బర్ అనే డాక్టరుకి అనిపించింది. అయితే దానికి అడ్డుపడే మందు కావాలి అన్నారు, అదీ సుబ్బారావు గారి ల్యాబ్ నుంచే వచ్చింది, 1948లో ఆ పిల్లల్లో కొందరికి జబ్బు కొన్నాళ్ళు వెనక్కి తగ్గింది. ఆ కుటుంబంలోదే మెథోట్రెక్సేట్, ఇప్పటికీ కీళ్ళవాతానికి కూడా ఇస్తారు. అంటే ఒకే విటమిన్, ఒకరికి ప్రాణం పోస్తుంది, ఇంకొకరి ఒంట్లో దాన్ని అడ్డుకోవాల్సి వస్తుంది. విటమినే కదా ఏం చేస్తుందిలే అని మాత్రం ఎప్పుడూ అనకండి.

ఆ మాట ఎందుకంటున్నానో ఫిన్లాండులో జరిగింది వినండి. క్యారెట్లలో ఉండే బీటా కెరోటిన్ క్యాన్సర్‌ని ఆపుతుందేమోనని 29 వేల మంది పైచిలుకు సిగరెట్లు తాగే మగవాళ్ళ మీద పరీక్ష పెట్టారు, 1994లో రిజల్ట్ వస్తే మాత్రలు వేసుకున్నవాళ్ళలోనే ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. పండులోనో కూరలోనో తింటే మంచిదే కదా అని అదే పదార్థాన్ని విడదీసి మోతాదు పెంచి రోజూ మింగితే, అది వేరే లెక్క. ఎ, డి లాంటివైతే కొవ్వులో కరిగి ఒంట్లోనే నిలవుంటాయి, డి సాచెట్లు వారానికి ఒకటి వేసుకోమంటే రోజూ వేసేసుకుని కాల్షియం పెరిగిపోయి వాంతులతో అడ్మిట్ అయినవాళ్ళని నేను కళ్ళారా చూశా.

చిన్నోడా, నీ వే ప్రోటీన్ గురించి. పాలు విరిచి చీజ్ తీశాక మిగిలే నీళ్ళలోని ప్రోటీన్‌ని ఆరబెట్టిందే అది, మామ్మ పనీర్ చేసినప్పుడు గిన్నెలో మిగుల్తాయి చూడు పసుపచ్చగా, దాదాపు అవే. విషం కాదు. కానీ నీ బరువు 60 కేజీలు, కేజీకి 0.83 గ్రాముల లెక్కన రోజుకి 50 గ్రాములు చాలు, గట్టిగా కసరత్తు చేస్తే ఇంకొంచెం. గుడ్డులో 6 గ్రాములు, పెరుగు, పప్పు, వేరుశెనగలు, చికెన్ వారానికి రెండుసార్లు, నీకు కొరతెక్కడ? పైగా ప్రోటీన్ ఎంతుందో ల్యాబ్‌లో మామూలుగా నైట్రోజన్ కొలిచి లెక్కేస్తారు, ఆ నైట్రోజన్ పెంచడానికి గ్లైసిన్, టారిన్ లాంటి చవక పొడులు కలిపే కంపెనీలు ఉన్నాయి, లేబుల్ మీద అంకె బాగానే కనిపిస్తుంది, కండకి పనికొచ్చేది తక్కువ. కొనే తీరాలంటే ఇంగ్రీడియెంట్స్ లిస్టులో ఈ పేర్లు చూసుకో, తిండి సరుకుల నాణ్యత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరుందో లేదో చూసుకో. మన పోషకాహార సంస్థ 2024 గైడ్‌లైన్స్‌లో కండల కోసం ప్రోటీన్ పొడులు వాడొద్దనే చెప్పింది.

బుజ్జమ్మా, బయోటిన్ కొరత వల్ల జుట్టు రాలడం చాలా అరుదు. ఐరన్ తక్కువై రాలడం, థైరాయిడ్ వల్ల రాలడం, ఇవే ఎక్కువ. బయోటిన్ పెద్ద మోతాదులో వేసుకుని థైరాయిడ్ టెస్టుకి వెళ్తే రిపోర్టే తప్పొచ్చే ప్రమాదం ఉంది, గుండెపోటు వచ్చినప్పుడు చేసే ట్రోపోనిన్ టెస్టు కూడా తప్పు చూపించొచ్చని అమెరికా వాళ్ళు 2017లో హెచ్చరించారు. టెస్టుకి ముందు డాక్టరుకి ఈ గమ్మీస్ సంగతి చెప్పు. నీకు స్కూల్లో వారానికోసారి ఇచ్చిన నీలం మాత్ర గుర్తుందా, రంగు చూసి పారేసేవాళ్ళు సగం మంది పిల్లలు. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్, మన ఆడపిల్లలకి నిజంగా ఉన్న కొరత అదే. అన్నం తిన్నాక వేసుకుంటే కడుపులో తిప్పదు, టీ కాఫీ మాత్రం దాంతో వద్దు, నిమ్మరసం మంచిది, విరేచనం నల్లగా వస్తే కంగారు పడొద్దు. ఇంకోటి, రేపు పెళ్ళయ్యాక పిల్లల గురించి అనుకునేటప్పుడే ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి, బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం మూసుకునేది కడుపు పడ్డ మొదటి 28 రోజుల్లో, అప్పటికి చాలామందికి కడుపుతో ఉన్నామనే తెలియదు.

ముందు ముందు ఏమవుతుంది అంటే, మాత్ర కన్నా గింజలోకే పోషకం వెళ్తుందని నా నమ్మకం. 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించాక రేషన్ బియ్యంలో వందకి ఒకటి చొప్పున ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన గింజలు కలుపుతూ వచ్చారు. బియ్యప్పిండిలో ఆ పోషకాలు కలిపి మళ్ళీ గింజలా చేస్తారు, అందుకే కడిగేటప్పుడు కొన్ని పైకి తేలతాయి, మనూళ్ళో ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారేశారు చాలామంది, ముందే ఇంటింటికీ చెప్పి ఉంటే బాగుండేది. రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ డీఆర్ఆర్ ధాన్ 45 అని జింక్ ఎక్కువుండే వరి రకాన్ని 2016లో తెచ్చింది, ఇందులో కలిపేదేం లేదు, చేలోనే వస్తుంది, నాకిదే ఎక్కువ నచ్చింది. మీ జీన్స్ చూసి మీకే ప్రత్యేకం మాత్ర చేసిస్తాం అని అమ్ముతున్నవాళ్ళున్నారు కదా, దానికి ఇంకా టైముంది, ఇప్పుడే డబ్బులు పోయకండి, ఆ డబ్బుతో హిమోగ్లోబిన్, బి12, డి టెస్టులు చేయించుకోండి.

మీ అమ్మ షుగరుకి మెట్‌ఫార్మిన్ వేసుకుంటోంది, పైగా శాకాహారం, ఆ రెండూ కలిస్తే బి12 తగ్గే అవకాశం ఎక్కువ. అరికాళ్ళు తిమ్మిర్లంటోంది కదా, ఈ వారమే ల్యాబ్‌కి తీసుకెళ్ళండి, రిపోర్టు నాకు వాట్సాప్ చేయండి.

ఉంటా మరి,
మీ తాతయ్య