బాల్కనీలో నిలువు తోట: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో బాల్కనీలకు, వరండాలకు నిలువు తోటలు కట్టడం నా పని. అంటే గోడ వెంట ఫ్రేముకు వరుస మీద వరుసగా చిన్న కుండీలు తగిలించడం. ఏటా ఏప్రిల్ చివర్లో ఫోన్లు మొదలవుతాయి. "సంక్రాంతికి పెట్టించామండీ, పైవన్నీ మాడిపోయాయి, కిందవి కుళ్లిపోయాయి" అని. మొక్కల తప్పేం లేదు. స్టాండ్‌కు, మొక్కలకు బాగానే ఖర్చు పెడతారు గానీ నీళ్ల సంగతి ఎవరూ అడగరు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: పొద్దున్నే పైనుంచి పైపుతో నీళ్లు కొడితే అన్ని కుండీలకూ అందుతాయి.

అందవు. పై వరుస కుండీలో చూపుడువేలు రెండో కణుపు దాకా గుచ్చి చూడండి, పొడిపొడిగా రాలుతుంది. అట్టడుగు కుండీలో అదే వేలికి బురద అంటుకొస్తుంది. ఎండా గాలీ ఎక్కువ తగిలేది పై వరుసకు, జారిన నీరంతా చేరేది కింది వరుసకు. పైగా ఇవి చిన్న కుండీలు, మే నెలలో ఒక్క మధ్యాహ్నానికే ఎండిపోతాయి. కుండీకో డ్రిప్పర్ (చుక్కచుక్కగా నీళ్లు వదిలే చిన్న మూతి), అన్నిటికీ కలిపి ఒక టైమర్ పెట్టించుకోండి. ఎండాకాలం రెండు పూటలా కొద్దికొద్దిగా ఇవ్వండి. వానాకాలం మాత్రం వేలు పెట్టి చూశాకే.

బోరు నీళ్లయితే డ్రిప్పర్ మూతి దగ్గర తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. నెలకోసారి ఊడదీసి, వెనిగర్ కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి కడగండి. ఒక్కటి మూసుకుపోయినా ఎండల్లో ఆ మొక్క రెండు రోజుల్లో వాడిపోతుంది. ఊరెళ్లే ముందు ఒక్కో డ్రిప్పర్ కిందా చేయి పెట్టి, చుక్క పడుతోందో లేదో చూసుకోవాల్సిందే.

అపోహ: గోడకు చెమ్మ ఎక్కుతుంది, దోమలు చేరతాయి.

ఫ్రేమును గోడకు ఆనించి బిగిస్తే చెమ్మ ఎక్కుతుంది, నిజమే. నేను మొదట్లో కట్టిన ఒక తోటలో వెనక గాలి ఆడక, రెండో వానాకాలానికి గోడ రంగు పొక్కులు లేచి రాలిపోయింది. తప్పు నాదే, మళ్లీ రంగు వేయించి ఇచ్చాను. అప్పటి నుంచి రెండు మూడు అంగుళాల ఖాళీ వదలకుండా ఏ ఫ్రేమూ బిగించలేదు.

దోమలకు మాత్రం కారణం మొక్కలు కావు, అడుగున నీళ్లు పట్టే ట్రే. అందులో నీళ్లు నిలిస్తే డెంగీ దోమ గుడ్డు పెట్టి, అది దోమ కావడానికి వారం పది రోజులు చాలు. ట్రే నుంచి బాల్కనీ తూములోకి చిన్న పైపు వేయించండి.

అపోహ: మట్టి ఎంత ఉంటే మొక్కకు అంత బలం.

లీటరు పట్టే కుండీలో తడి ఎర్రమట్టి కిలోన్నర దాటుతుంది. 60 కుండీలంటే 90 కిలోల పైమాట. అదంతా గోడలోని నాలుగు బోల్టుల మీద వేలాడుతుంది. కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు, గుప్పెడు వేపపిండి కలిపితే బరువు దాదాపు సగానికి తగ్గుతుంది, వేళ్లకు గాలీ ఆడుతుంది.

అపోహ: నిలువు తోట ఇంట్లో గాలిని శుద్ధి చేస్తుంది.

ఈ మాటకు మూలం 1989లో నాసా చేసిన ప్రయోగం. అది చేసింది గాలి చొరబడని మూసిన గదుల్లో. తలుపులూ కిటికీలూ తీసి ఉండే మన ఇళ్లలో ఆ ఫలితం ఆశించలేం. ఎండ పడే గోడ ముందు ఆకులు అడ్డుంటే ఆ గోడ వేడెక్కడం తగ్గుతుంది, అదొక్కటే నేను మాటిస్తాను.

అపోహ: నచ్చిన మొక్క ఏదైనా పెట్టుకోవచ్చు.

పడమటి ఎండ కొట్టే చోట ఫెర్న్ పెడితే వారంలో ఆకు అంచులు మాడతాయి. అక్కడ గడ్డిగులాబీ తట్టుకుంటుంది. తూర్పు వైపు, నీడపట్టున మనీప్లాంట్, సింగోనియం హాయిగా బతుకుతాయి. ఆకుకూరలకు రోజూ నాలుగైదు గంటల ఎండ తగిలితే పుదీనా, మెంతి, కొత్తిమీర చక్కగా వస్తాయి. టమాటా, వంగ వేళ్లకు ఈ కుండీలు చాలవు. తీగబచ్చలి అంటే ఇష్టమైతే కింద నేల మీద ఒక పెద్ద కుండీలో నాటి ఫ్రేము మీదికి పాకించండి. పప్పులోకి కావాల్సిన ఆకు చేతికందే ఎత్తులోనే ఉంటుంది.