డాక్యుమెంటేషన్‌లో చిన్న తప్పులు దిద్దడం: అపోహలు - వాస్తవాలు

కర్నూలు, అనంతపురం, కడప ఇంజినీరింగ్ కాలేజీల్లో ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచి, ఎవరైనా సవరణలు పంపగల సాఫ్ట్‌వేర్) మాటెత్తితే పిల్లలు ముందుగా అడిగేది "ఎక్కడ మొదలుపెట్టాలన్నా?" అనే. రోజూ వాడే ప్రోగ్రామింగ్ లాంగ్వేజీ డాక్యుమెంటేషన్‌లో (వాడే తీరు చెప్పే పేజీల్లో) తప్పు కనబడితే దాన్ని దిద్దడం మంచి మొదలు. ఆ మాట చెప్పగానే వచ్చే సందేహాలు కొన్ని ఉన్నాయి. వాటిలో చాలావరకు అపోహలే.

అపోహ: ఇంగ్లీషు గట్టిగా వచ్చినవాళ్లకే ఇది సాధ్యం

స్పెల్లింగు తప్పులు చాలావరకు స్పెల్‌చెకర్లే పట్టేస్తున్నాయి. వాటికి దొరకని తప్పు వేరే ఉంది. వాక్యం శుభ్రంగా ఉంటుంది, చెప్పిన సంగతి తప్పుగా ఉంటుంది. 'నాట్' అనే ఒక్క మాట జారిపోతే అర్థం తలకిందులవుతుంది. పదిదాకా అన్నప్పుడు పది కలిసొస్తుందా, రాదా? విలువ దొరక్కపోతే ఫంక్షన్ 'నన్' ఇస్తుందా, ఎర్రర్ ఇస్తుందా? పొడవు లెక్క బైట్లలోనా, అక్షరాల్లోనా? ఇవి తేలాలంటే కోడ్ నడిపి చూడాల్సిందే. భాషా పాండిత్యం ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు.

చివరి ప్రశ్న దగ్గర తెలుగువాళ్లది పైచేయి. మామూలు ఇంగ్లీషు మాటతో పరీక్షిస్తే బైట్లు, కోడ్ పాయింట్లు (ప్రపంచ లిపుల పట్టిక అయిన యూనికోడ్ ఒక్కో గుర్తుకు ఇచ్చిన సంఖ్యలు), కంటికి కనిపించే అక్షరాలు అన్నీ ఒకే అంకెకు వస్తాయి కాబట్టి తప్పు బయటపడదు. 'కర్నూలు' అని ఇచ్చి చూడండి. చదివేవాళ్లకు అవి మూడక్షరాలు. పైథాన్‌లో పొడవు చెప్పే లెన్ 7 అంటుంది: క, ర, పొల్లు, న, దాని ఊత్వం, ల, దాని ఉత్వం. గో, రస్ట్ అనే లాంగ్వేజీల్లో లెన్ 21 అంటుంది. అవి యూటీఎఫ్-8 (యూనికోడ్‌ను బైట్లలో రాసే పద్ధతి) బైట్లు లెక్కపెడతాయి, తెలుగు కోడ్ పాయింట్ ఒక్కోటి 3 బైట్లు. జావాస్క్రిప్ట్ లెంగ్త్ యూటీఎఫ్-16 అనే మరో పద్ధతి యూనిట్లు లెక్కపెడుతుంది కనుక ఇక్కడ మళ్లీ 7 వస్తుంది, కానీ నవ్వుముఖం ఎమోజీ ఒక్కదానికే 2 వస్తుంది. రస్ట్ డాక్యుమెంటేషన్ ఈ లెక్క బైట్లదేనని, మనిషి అనుకునే పొడవు కాకపోవచ్చని తేటగా చెబుతుంది. ఇంత జాగ్రత్త ప్రతి లైబ్రరీలోనూ ఉండదు. ఎక్కడైనా ఊరికే 'క్యారెక్టర్ల సంఖ్య' అని రాసి, మీ పరీక్షలో 21 వచ్చిందంటే మార్చాల్సింది ఆ ఒక్క పదమే. రుజువు మీ తెరమీదే ఉంది. ఆ రెండు వరుసల కోడ్, దాని ఫలితం పుల్ రిక్వెస్ట్‌లో (మీ సవరణను చేర్చుకోమని పంపే అభ్యర్థనలో) పెడితే మీ ఇంగ్లీషు ఎలా ఉన్నా చూసేవాళ్లకు విషయం అర్థమవుతుంది.

అపోహ: అనుకున్నట్టు రాలేదంటే డాక్యుమెంటేషనే తప్పు

పైథాన్‌లో 'కడప'ను ఈజ్‌ఆల్ఫాకు (అన్నీ అక్షరాలేనా అని చూసే ఫంక్షన్‌కు) ఇస్తే ట్రూ వస్తుంది. 'కర్నూలు', 'అనంతపురం' రెండింటికీ ఫాల్స్. చూడగానే పేజీ తప్పనిపిస్తుంది. కానీ అక్కడ రాసింది జాగ్రత్తగా చదవండి: యూనికోడ్ 'లెటర్' వర్గంలో ఉన్నవాటినే అక్షరాలుగా లెక్కిస్తానంటుంది. గుణింతాలు, పొల్లు, సున్న 'మార్క్' వర్గంలో ఉన్నాయి. 'కడప'లో అవేవీ లేవు. అదే 'కర్నూలు'ను పైథాన్‌లో వేరియబుల్ పేరుగా పెట్టుకోవచ్చు, ఎందుకంటే పేర్ల నిబంధన మొదటి అక్షరం తర్వాత మార్కులను ఒప్పుకుంటుంది. రెండు పేజీలూ సరైనవే. మనకు నచ్చకపోతే అది ఆ ఫంక్షన్ తీరు మీద చర్చ, డాక్యుమెంటేషన్ సవరణ కాదు.

తరచూ తప్పుగా ఫిర్యాదు వచ్చేవి ఇంకా ఉన్నాయి. మాట రెండు చివర్ల నుంచి అక్షరాలు తీసేసే స్ట్రిప్‌కు ఇచ్చేది ప్రిఫిక్స్ (మాట మొదటి ముక్క) కాదు, తీసేయాల్సిన అక్షరాల గుంపు. ప్రిఫిక్స్ తీయడానికి పైథాన్ 3.9 నుంచి రిమూవ్‌ప్రిఫిక్స్ ఉంది. దగ్గరి పూర్ణసంఖ్యకు సర్దే రౌండ్‌కు 2.5 ఇస్తే 2 రావడమూ రాసి ఉన్నదే, సగం దగ్గర సరిసంఖ్య వైపు వెళ్తుంది.

అందుకే దిద్దే ముందు పేజీ పైన వెర్షన్ చూడండి. సెర్చ్‌లో ముందు వచ్చేది పాత వెర్షన్ పేజీ కావచ్చు, భద్రతా సవరణలు మాత్రమే తీసుకునే దశకు చేరిన వెర్షన్‌లో పదాలు దిద్దరు. తర్వాత మెయిన్ బ్రాంచ్‌లో (తాజా పని జరిగే ప్రతిలో) అదే ఫైలు తెరవండి, ఎవరో ఇప్పటికే దిద్ది ఉండవచ్చు. చివరగా ఇష్యూల్లో (ప్రాజెక్టుకు వచ్చిన ఫిర్యాదులు, చర్చల్లో) వెతకండి, మూసేసినవాటితో సహా. 'ఇది కావాలనే ఇలా రాశాం' అనే జవాబులు అక్కడే ఉంటాయి.

అపోహ: ల్యాప్‌టాప్ ఉండాలి, గిట్ పూర్తిగా రావాలి

గిట్ అంటే ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచే సాధనం, గిట్‌హబ్ అలాంటి ప్రాజెక్టులను ఉంచే సైటు. ఒక పదం మార్చడానికి బ్రౌజర్ చాలు. గిట్‌హబ్‌లో ఫైలు తెరిచి పెన్సిల్ గుర్తు నొక్కి ఒప్పుకుంటే ఫోర్క్ (ప్రాజెక్టుకు మీ సొంత కాపీ) అదే తయారవుతుంది. హాస్టల్లో ఫోన్ డేటా మీదైనా పని అవుతుంది. ఫోన్‌తో అసలు ఇబ్బంది కీబోర్డుది. వాక్యం మొదట్లో ఉన్న ఫంక్షన్ పేరులో తొలి అక్షరాన్ని పెద్దది చేస్తుంది, సూటి కోట్‌లను వంకర కోట్‌లుగా, రెండు హైఫన్లను ఒక గీతగా మార్చేయవచ్చు. ఆటోకరెక్ట్ ఆపేసి మొదలుపెట్టండి.

మార్కప్ (శీర్షిక, కోడ్ వంటివాటిని గుర్తించే రాత పద్ధతి) తెలుసుకోవడం మాత్రం తప్పనిసరి. పైథాన్ డాక్యుమెంటేషన్ రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌లో ఉంటుంది, మార్క్‌డౌన్‌లో కాదు. మార్క్‌డౌన్‌లో కోడ్‌కు అటూ ఇటూ ఒక్కో బ్యాక్‌టిక్ (`) చాలు, ఇక్కడ రెండేసి పెట్టాలి. ఒక్కోటే పెడితే అది కోడ్‌గా కనబడదు, స్ఫింక్స్-లింట్ అనే తనిఖీ సాధనం పట్టుకుంటుంది. శీర్షికలో ఒక అక్షరం చేర్చారనుకోండి, కింద ఉన్న గీతను కూడా అంత పొడవు చేయాలి, లేకపోతే బిల్డ్‌లో (ఫైళ్ల నుంచి వెబ్ పేజీలు తయారుచేసేటప్పుడు) హెచ్చరిక వస్తుంది. శీర్షిక మాటలు మారితే దాని లింకు చిరునామా కూడా మారిపోవచ్చు. బయటివాళ్లు ఇచ్చుకున్న లింకులు పేజీ తలకు వెళ్లి ఆగిపోతాయి. కాబట్టి శీర్షికలో తప్పు దిద్దడం చూపుకు చిన్నదే, పనిలో చిన్నది కాదు.

పట్టికో కోడ్ ఉదాహరణో మారుస్తుంటే ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేసి చూడటం మేలు. క్లోన్ చేసేటప్పుడు (ప్రాజెక్టును మీ మెషిన్‌లోకి దించుకునేటప్పుడు) డెప్త్ 1 ఇస్తే పాత చరిత్ర దిగదు, డేటా మిగులుతుంది. పైథాన్‌కైతే 'డాక్' ఫోల్డర్‌లోకి వెళ్లి మొదట మేక్ వీఎన్వీ, తర్వాత మేక్ హెచ్‌టీఎంఎల్ అనే ఆదేశాలు నడపాలి.

అపోహ: ఒకచోట దిద్దితే అంతటా దిద్దినట్టే

పైథాన్‌లో హెల్ప్ అని అడిగితే వచ్చేది కోడ్‌లోనే రాసిన వివరణ, అంటే డాక్‌స్ట్రింగ్. వెబ్‌లో కనిపించేది 'డాక్' ఫోల్డర్‌లోని వేరే ఫైలు. ఒకటి దిద్దితే రెండోది అలాగే ఉంటుంది, రెండూ చూసుకోవాలి. సీ లాంగ్వేజీలో రాసిన ఫంక్షన్ల డాక్‌స్ట్రింగ్‌లు చాలావరకు ఆర్గ్యుమెంట్ క్లినిక్ అనే సాధనం తయారుచేసిన ఫైళ్లలో కూడా ఉంటాయి. ఆ తయారైన ఫైలునే దిద్దితే తర్వాతి మేక్ క్లినిక్‌తో మీ సవరణ చెరిగిపోతుంది. అసలు ఫైలులో మార్చి మేక్ క్లినిక్ నడపాలి.

రస్ట్‌లో స్టాండర్డ్ లైబ్రరీ పేజీలు కోడ్ మీది కామెంట్ల నుంచే పుడతాయి. వాటిలోని ఉదాహరణలు పరీక్షలుగా కూడా నడుస్తాయి కాబట్టి కోడ్‌లో తప్పు అరుదు, చుట్టూ ఉన్న వాక్యాల్లోనే వెతకండి. మీ సవరణ విలీనమైన వెంటనే స్టేబుల్ పేజీలో కనబడదు. ముందు నైట్లీ (రోజువారీ ప్రతి), తర్వాత బీటా (పరీక్ష ప్రతి), ఆపైన స్టేబుల్ (అందరూ వాడే ప్రతి). విడుదలలు 6 వారాలకోటి కాబట్టి మొత్తం 6 నుంచి 12 వారాలు పడుతుంది. పైథాన్‌లో మెయిన్‌లో చేరిన సవరణను ఇప్పుడు వాడుకలో ఉన్న వెర్షన్లకూ ఎక్కించాలంటే నిర్వాహకులు బ్యాక్‌పోర్ట్ లేబుల్ పెడతారు, మిగతా పని బాట్ (దానంతటదే నడిచే ప్రోగ్రామ్) చేస్తుంది. పీహెచ్‌పీ డాక్యుమెంటేషన్‌లో ప్రతి అనువాద ఫైలూ తాను ఏ ఇంగ్లీషు కమిట్‌కు (గిట్‌లో నమోదైన మార్పుకు) సరిపోతుందో గుర్తుపెట్టుకుంటుంది. ఇంగ్లీషులో ఒక్క కామా మార్చినా అనువాదకుల పట్టికలో అది పాతబడినట్టు కనబడవచ్చు. అర్థం మారని మెరుగుల జోలికి ఊరికే పోకూడదనడానికి ఇదొక గట్టి కారణం.

అపోహ: ఎన్ని దిద్దితే అంత పేరు

రెజ్యూమెలో సంఖ్య చూపించడానికి ఈ పనికి దిగవద్దు. 2020 అక్టోబరులో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ ఉత్సవంలో 4 పుల్ రిక్వెస్ట్‌లకు టీషర్టు అన్నారు. రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైలులో) అక్కర్లేని మాటలు చేర్చే రిక్వెస్ట్‌లు వెల్లువలా వచ్చిపడ్డాయి. ఆ నెలలోనే నిబంధన మార్చి, ముందుగా ఒప్పుకున్న ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకోవాల్సి వచ్చింది. ప్రతి రిక్వెస్ట్‌నూ ఎవరో ఒకరు తమ సాయంత్రం సమయం ఖర్చుపెట్టి చదవాలి. ఒకే పేజీలో ఐదు తప్పులుంటే ఒకే రిక్వెస్ట్‌లో పంపండి. సంబంధం లేని ఇరవై ఫైళ్లను మాత్రం ఒకే మూటగా కట్టొద్దు.

పంపే ముందు గిట్ డిఫ్ (ఏయే వరుసలు మారాయో చూపేది) మీరే చదవండి. ఒక పదం మారిస్తే ఒక వరుసే కనబడాలి. ఫైలంతా మారినట్టు చూపిస్తే సాధారణంగా రెండు కారణాలు: ఎడిటర్ దానంతటదే ఫార్మాట్ చేసింది, లేదా విండోస్ వరుస ముగింపులు చొరబడ్డాయి. పేరాను మళ్లీ సర్దితే కూడా ఇంతే, మారిన మాట వరుసల్లో మునిగిపోతుంది. మీ ఇంగ్లీషుకు, అక్కడి ఇంగ్లీషుకు అమెరికా, బ్రిటన్ స్పెల్లింగు తేడా ఉంటే అది తప్పు కాదు, వదిలేయండి. కమిట్ సందేశంలో 'టైపో దిద్దాను' అంటే చాలదు. ఏ ఫంక్షన్ పేజీలో ఏది దేనిగా మార్చారో రాయండి. పైథాన్‌లో ఉత్త స్పెల్లింగు సవరణకు ముందు ఇష్యూ తెరవనక్కర్లేదు, అర్థం మారుతుంటే తెరవాలి.

అపోహ: జవాబు రాలేదంటే పక్కన పడేసినట్టే

చాలాసార్లు ఆగేది మనవైపే. పైథాన్‌కూ గోకూ మొదటిసారి పంపేవాళ్లు కాంట్రిబ్యూటర్ ఒప్పందం (పంపినదాన్ని వాడుకోవడానికి అనుమతిచ్చే పత్రం) మీద ఆన్‌లైన్‌లో సంతకం చేయాలి, రస్ట్‌కు అక్కర్లేదు. కమిట్‌లో ఉన్న ఈమెయిల్, సంతకం చేసిన ఈమెయిల్ వేరైతే బాట్ ఒప్పుకోదు. గోలో ఇంకో మెలిక ఉంది. గిట్‌హబ్‌లో పంపిన రిక్వెస్ట్ గెరిట్ అనే సమీక్ష వ్యవస్థకు చేరుతుంది, సమీక్షకుల మాటలకు గెరిట్‌లోనే బదులివ్వాలి. గిట్‌హబ్‌లో రాసింది వాళ్ల దగ్గరికి వెళ్లదు. ఇవన్నీ సరిగ్గానే ఉండి నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే, మీ పరీక్ష కోడ్‌ను తాజా వెర్షన్‌లో మళ్లీ నడిపి, ఆ ఫలితంతో ఒక్కసారి మర్యాదగా అడగండి.