యూసుఫ్‌గూడకీ ఎర్రగడ్డకీ మధ్య

వ్యాపారం దెబ్బతిన్నవాడి గురించి మనం ఏమంటామో గుర్తు చేసుకోండి. ఐపీ పెట్టాడు. బోర్డు తిప్పేశాడు. చేతులెత్తేశాడు. నిజాయితీగా ప్రయత్నించి నష్టపోయినవాడికి వీటిలో ఏదీ సరిపోదు. ప్రతి మాటలోనూ ఎంతో కొంత మోసం వాసన ఉంటుంది. ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. అప్పు తీర్చే శక్తి లేదని 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద కోర్టుకు చెప్పుకోవడం. చట్టం దాన్ని రక్షణగా పెట్టింది. జనం నోట్లో అది తిట్టయింది. "వాళ్ల నాన్న ఐపీ పెట్టాడటగా" అన్న మాట కూతురి పెళ్లి సంబంధం దాకా వెంటాడుతుంది.

హైదరాబాద్‌లో స్టార్టప్ ఫౌండర్ల డిప్రెషన్, యాంగ్జయిటీ గురించి ఇప్పుడు సదస్సుల్లో మాట్లాడుతున్నారు. మంచిదే. కానీ అది ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన జబ్బు అన్నట్టు మాట్లాడటం దగ్గరే నాకు పేచీ.

నిజానికి మనస్తత్వ శాస్త్రం ఈ ఊరి వ్యాపారుల దగ్గరికి అరవై ఏళ్ల కిందటే వచ్చింది, అదీ వైద్యం కోసం కాదు. చిన్న పరిశ్రమల శిక్షణ కోసం ఢిల్లీలో పెట్టిన కేంద్ర సంస్థను 1962లో హైదరాబాద్‌కు తరలించారు. యూసుఫ్‌గూడలో ఇప్పుడు ఎన్ఐ-ఎంఎస్ఎంఈ పేరుతో ఉన్నది అదే. హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ 1964లో తన ప్రయోగానికి ఈ సంస్థనే ఎంచుకున్నారు. సాధించాలన్న తపన పుట్టుకతో రానక్కర్లేదు, శిక్షణతో పెంచవచ్చు అన్నది ఆయన వాదన. కాకినాడ వ్యాపారులను ఇక్కడికి పిలిపించి, వాళ్ల చేత ఊహించి కథలు రాయించారు, లక్ష్యాలు పెట్టించారు. తిరిగి వెళ్లాక వాళ్లు కొత్త పెట్టుబడులు పెట్టారు, మరింత చురుగ్గా వ్యాపారం చేశారు. కులం, ఆచారం అడ్డం వస్తాయనుకున్నవాళ్ల అంచనా తప్పింది. మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో ఇది కాకినాడ ప్రయోగంగా నిలిచిపోయింది.

పెట్టుకున్న లక్ష్యం తప్పితే ఆ మనిషికి ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం ఆ ప్రయోగంలో భాగం కాలేదు. తప్పు పట్టడం లేదు, దేశానికి అప్పుడు కావలసింది పరిశ్రమలు పెట్టేవాళ్లు. కాకపోతే మెట్రో మ్యాప్ చూసినప్పుడల్లా నాకొకటి తడుతుంది. నీలం లైనులో అమీర్‌పేట దాటి రెండో స్టేషను యూసుఫ్‌గూడ. ఎర్ర లైనులో అదే అమీర్‌పేట దాటి మూడోది ఎర్రగడ్డ. ఆశ పెంచడం నేర్పిన చోటికీ, మనసు చెదిరినవాళ్లకు వైద్యం చేసే ప్రభుత్వ ఆసుపత్రికీ దూరం అంతే. ఊరి పేరే వెక్కిరింతగా మారింది కాబట్టి ("వీణ్ని ఎర్రగడ్డకు పంపాలి") వ్యాపారి కాలు ఆ వైపు పడలేదు.

మరి ఆ బాధంతా ఎటు పోయింది? ఒంట్లోకి. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షెడ్లలో పని నడిపినవాళ్లు డాక్టర్‌కు చెప్పుకున్నది గ్యాస్, బీపీ, నిద్ర లేదు అనే. ఐడీపీఎల్, బీహెచ్ఈఎల్, హెచ్ఎంటీ లాంటి ప్రభుత్వ రంగ సంస్థల నీడలో ఎన్నో చిన్న యూనిట్లు పుట్టాయి. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన కథ అందరికీ తెలుసు. అదే దారిలో బయల్దేరి మధ్యలో మునిగినవాళ్ల కథ ఎవరు చెబుతారు? పెద్ద సంస్థ తుమ్మితే దాని మీద ఆధారపడిన షెడ్డుకు జ్వరం వచ్చేది.

చిన్న యజమాని నెల ఎలా గడుస్తుందో తెలియాలంటే బాలానగర్‌లో ఏ వర్క్‌షాపులోనైనా గోడ మీది క్యాలెండర్ చూడాలి. ఏడో తేదీ టీడీఎస్. పదిహేనున పీఎఫ్, ఈఎస్ఐ. ఇరవైన జీఎస్టీ. ఒకటి నుంచి ఏడు లోపల జీతాలు. మధ్యలో ఎక్కడో బ్యాంకు ఈఎంఐ. కట్టాల్సినవన్నీ తేదీలతో ఉంటాయి. రావాల్సిన డబ్బుకే తేదీ ఉండదు. చిన్న సంస్థలకు బకాయిలు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 చట్టం చెబుతోంది. కానీ రేపటి ఆర్డరు కూడా అదే పార్టీ ఇవ్వాలి, ఫిర్యాదు ఎవడు చేస్తాడు? నెల చివరి వారంలో జీతాల కోసం ఇంటావిడ గాజులు తాకట్టుకు వెళ్తాయి, మరుసటి నెల తిరిగొస్తాయి, ఒక నెల రావు. ఆ రాని నెల నుంచే చాలామందికి నిద్ర పోతుంది.

2002లో సర్ఫేసీ చట్టం వచ్చాక ఈ భయం ఇంటి గుమ్మం ఎక్కింది. తాకట్టు పెట్టిన ఆస్తిని కోర్టుకు వెళ్లకుండానే, అరవై రోజుల నోటీసు తర్వాత బ్యాంకు స్వాధీనం చేసుకోవచ్చు. స్వాధీనం చేసుకున్నామన్న ప్రకటన రెండు పత్రికల్లో వేయాలి, ఒకటి స్థానిక భాషలో ఉండాలి. అంటే తెలుగు పేపర్లో పేరు, ఇంటి నంబరు, అప్పు మొత్తంతో సహా. ఇంగ్లిష్ పేపర్లో వస్తే ఎవరూ చూడరని సర్దిచెప్పుకోవచ్చు. తెలుగు పేపరు పక్కింటాయన కూడా చదువుతాడు.

హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ను 1998లో వాజ్‌పేయి ప్రారంభించాక వ్యాపారి రూపం మారింది, వెనక్కి తగ్గలేని స్థితి మారలేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు లెక్కల మోసం ఒప్పుకుంటూ తన లేఖలో రాసిన పోలిక అందరికీ గుర్తే: పులి మీద స్వారీ, దానికి ఆహారం కాకుండా దిగడం ఎలాగో తెలియని స్థితి. అది మోసమే, సానుభూతి అడగడం లేదు. కానీ తప్పుడు లెక్క ఒక్కటీ రాయని చిన్న యజమానులు కూడా ఆ వాక్యం దగ్గర ఆగిపోయారు. దిగడం తెలియకపోవడం వాళ్లకూ అనుభవమే. 2010లో మైక్రోఫైనాన్స్ (పేదలకు చిన్న అప్పులిచ్చే కంపెనీల) సంక్షోభం, 2020 చివర్లో ఫోన్‌లోని కాంటాక్టులన్నిటికీ పరువు తీసే మెసేజీలు పంపిన లోన్ యాప్‌లు కూడా పరువునే ఆయుధంగా వాడాయి.

2015 నవంబరులో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఆవరణలో స్టార్టప్‌లకు చేయూతనిచ్చే టీ-హబ్ మొదలైంది. దానితో పాటు ఓడిపోవడం గొప్పే అన్న మాట కూడా దిగుమతైంది. ఇన్వెస్టర్ డబ్బు పోగొట్టుకున్నవాడికి అది చెల్లుతుందేమో. మామయ్య రిటైర్మెంట్ డబ్బు, బావమరిది ప్లాటు అమ్మిన డబ్బు పెట్టినవాడికి చెల్లదు, సంక్రాంతికి ఊరెళ్లాలిగా! అదే 2015లో అమెరికాలో మైకేల్ ఫ్రీమన్ బృందం 242 మంది వ్యాపారులను అడిగితే, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మానసిక సమస్య ఎదుర్కొన్నామని 49 శాతం చెప్పారు. పోలిక కోసం అడిగిన మిగతావాళ్లలో అది 32 శాతం. చిన్న అధ్యయనం, అదీ వాళ్లు చెప్పుకున్న లెక్క. మన దగ్గర 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది, వాటిలో తెలంగాణ లేదు.

2019 జులైలో కాఫీ డే వ్యవస్థాపకుడు సిద్ధార్థ మరణించినప్పుడు బయటికొచ్చిన లేఖలో, వ్యాపారవేత్తగా విఫలమయ్యానన్న మాట ఉంది. మర్నాటి నుంచి ఆ కాఫీ షాపుల్లోనే కూర్చుని కుర్ర ఫౌండర్లు దాని గురించి మాట్లాడుకున్నారు, తమ గురించి కాదు. తర్వాతి ఏడాది కోవిడ్. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలో 2020లో ప్రాణాలు తీసుకున్న వ్యాపారులు 11,716 మంది, అంతకుముందు ఏడాది 9,052. అదే ఏడాది రైతులు, రైతు కూలీలు కలిపి 10,677. రైతు గురించి మాట్లాడటానికి మనకు సంఘాలున్నాయి, పాటలున్నాయి. కిరాణా కొట్టువాడికి, తోపుడుబండివాడికి (వ్యాపారుల లెక్కలో వాళ్లూ ఉన్నారు) అవేవీ లేవు.

చట్టాలు ఈలోగా కొంత కదిలాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం మరుసటి ఏడాది మే నెలాఖరున అమల్లోకి వచ్చింది. శరీర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలంది. మన ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనే ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2018 ఆగస్టులో కంపెనీలకు ఆ ఆదేశం ఇచ్చి, 2022 అక్టోబరులో మళ్లీ గడువు పెట్టి చెప్పాల్సి వచ్చింది. ఆ నెలలోనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ మొదలైంది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. దివాలా వైపు కదలిక ఇంకా నెమ్మది. 2016 కొత్త చట్టం 2019 డిసెంబరు నుంచి కంపెనీ అప్పుకు వ్యక్తిగత హామీ ఇచ్చినవాళ్లకు వర్తిస్తోంది. సొంత పేరుతో కొట్టు నడుపుకునే మనిషికి మాత్రం ఇప్పటికీ ఆ 1920 ఐపీయే.

నాకు తెలిసిన ఒక యజమాని ఉన్నాడు, పాతికమంది పనిచేసే షెడ్డు. ఆ మధ్య అతని గోడ క్యాలెండర్ చూశాను. ఏడు, పదిహేను, ఇరవై చుట్టూ ఎప్పటిలాగే ఎర్ర సున్నాలు. రెండో శనివారం, నాలుగో శనివారం గళ్లలో నీలం పెన్నుతో "ఆడిటర్" అని ఉంది. ఆడిటర్ నెలకు రెండుసార్లెందుకన్నాను. తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, "సైకియాట్రిస్ట్ అన్నా. ఆడిటర్ అని రాస్తే ఎవరూ అడగరు" అన్నాడు.